మీ కెమెరాకు కొన్న నా లెన్స్

ఉదయ్ భాస్కర్ బావగారికి,

పిట్టల ఫోటోలకు ఏ లెన్స్ బాగుంటుందని అడిగిన పాపానికి, దగ్గరుండి ఆ ఫిరంగిలాంటిది కొనిపించారు. నా చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకు అది నేరుగా పట్టదు, మధ్యలో అడాప్టర్ తగిలించాలి. ఫోకస్ కుదిరేలోపు పిట్ట ఎగిరిపోతుంది. నాకే చేతకాదనుకున్నాను.

మీ పాత పెద్ద కెమెరాకు మాత్రం చక్కగా పడుతుంది. అందుకే కదండీ, ఆదివారమైతే చాలు మణికొండలో మా ఇంటి దాకా వచ్చి, "ఒక్క పూట ఇవ్వమ్మా" అని పట్టుకెళ్తున్నారు! నిన్న ఫ్యామిలీ గ్రూపులో అమీన్‌పూర్ చెరువు లకుముకిపిట్ట ఫోటో పెట్టి, "నా కొత్త లెన్స్" అని రాసుకున్నారు.

ఈరోజు ఆఫీసు నుంచి వస్తూ దాన్ని అమ్మేసి, తేలికైనది కొన్నాను. కొట్లో నేను అడిగింది ఒక్కటే: "ఇది మా బావగారి కెమెరాకు పట్టదు కదా?"

మీ మరదలు