పెదవులు చూసి పాడే పాట

శనివారం, రాత్రి

మరమగ్గాలు నడుస్తుంటే మా బాపు పనిచేసే షెడ్డులో పక్కవాళ్ల మాట కూడా వినపడదు. అందుకే అందరూ ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ ఒకే పాట పాడుతారు. ఎంత అలసటలోనైనా ఆ పాట వాళ్లను ఒకే ఇంటి మనుషుల్లా కలుపుతుంది.

ఈరోజు నేను సద్ది తీసుకుని వెళ్లేసరికి బాపు తన మగ్గం ఆపి, గోడవైపు తిరిగి, తెగిన పోగు అతుకుతూ పాడుతున్నాడు. అంతలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగాయి. అందరూ నవ్వుతూ పాట ఆపేశారు. బాపు ఒక్కడే పాడుతూనే ఉన్నాడు, గొంతు చించుకుని, శ్రుతి ఎటో పోయి.

"బాపూ!" అన్నాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను.

"మా బావకు కరెంటు పోయిన సోయి గూడ లేదు, సూడుండ్రి!" అన్న రాజు మామ, నా ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు.

పక్క మగ్గం ఎల్లయ్య తాత మెల్లగా, "నవ్వకుండ్రి. పాట అందుకోండ్రి," అన్నాడు.

బాపు పాడుతున్న చరణం నుంచే అందరూ అందుకున్నారు. బాపు ఇటు తిరిగి, కదులుతున్న పెదవులు చూసి నవ్వాడు.

తాతకు ముందే తెలుసా? షెడ్డు యజమాని సేటుకు తెలిస్తే బాపును పనిలో ఉంచుతాడా?

రోజూ అన్నం తిన్నాక, కొత్తగా నేర్చుకున్న మాటలు బాపుకు చదివి వినిపిస్తాను. రెప్ప వేయకుండా నా ముఖమే చూస్తాడు. అది మురిపెమనుకున్నాను. ఇవాళ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని చదివాను.

బాపు మెడ అటూ ఇటూ వంచాడు.

"పుస్తకం జర దించు బిడ్డా," అన్నాడు. "ఇనబడ్తలేదు."