కుడి రెక్క చివరి వరస

షాంటిలీ, 1983

ఏమండీ,

మీ విమానం ఇవాళ ఎగిరింది. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఆ జంట రెక్కల ఫైటర్ ఎంత వేగంగా పోయేదో, అయినా దాన్ని ఎంత తక్కువ వాడారో చెప్పి చెప్పి, ఏడేళ్లు మన గరాజ్‌లో అచ్చం అలాంటిదే ఒకటి కట్టారు. రెక్కల చట్రం మీద కప్పే గుడ్డ నాచేత కుట్టించారు. ప్రతి కుట్టు వరసా గోటితో మీటి చూసి, "వదులుగా ఉంది, విప్పు" అనేవారు.

కుడి రెక్క చివరి వరస మీరు పోయాక కుట్టాను. దానిమీద రంగు కూడా వేసేశాం.

ఇవాళ పక్కింటి పైలట్ ఫ్రాంక్ ఎక్కబోతూ, కుట్లన్నీ మీరు మీటి చూశారా అని నన్ను అడిగాడు.

"అమ్మా, చెప్పకు. చెప్తే అంకుల్ ఫ్లై చెయ్యడు," అంది మన సునీత నా చెవిలో.

చెప్పేశాను. చివరి వరస ఎవరూ చూడలేదన్నాను. ఫ్రాంక్ రంగు కింది ముడులను వేలితో ఒక్కొక్కటే తడిమాడు. మిగతావి మీరు ఎన్నిసార్లు విప్పించారని అడిగాడు. మూడేసిసార్లు అన్నాను. ఇంకేమీ అడగకుండా ఎక్కి కూర్చున్నాడు.

విమానం చెట్ల మీదుగా తిరిగినంతసేపూ నేను కుడి రెక్కనే చూస్తూ నిలబడ్డాను. అది ఒక పక్కకి ఒరిగినప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మరిచిపోయాను.

విమానం నేలకి దిగాక ముందు ఆ వరస దగ్గరికే వెళ్లాను. ఒక్క ముడీ కదల్లేదు. అయినా అక్కడే నిలబడ్డాను.

విప్పమని ఎవరూ అనలేదండీ.