ఆ జాబు చించెయ్

ఎమ్మిగనూరు,
మే 20, 1983

అన్నకు సలాం.

మా అమ్మాయి హజరాకు ఆ నేవీ డైవరు జహంగీర్ సంబంధం వద్దని, ఆదోనిలో ఉన్న అతని నాయనకు రాయమన్నాను కదా. ఆ జాబు ఇంకా పోస్టు చేయకపోతే చించెయ్. కోపం తెచ్చుకోకుండా కారణం విను.

మా మరిది పెండ్లికి జహంగీర్ కూడా వచ్చాడు. మరునాడు చుట్టాలమంతా లారీలో తుంగభద్ర డ్యాం చూసి వచ్చాం. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగున చేపల మధ్య ఎలా తిరుగుతాడో దారంతా చెబుతూనే ఉన్నాడు. "నీళ్లల్లో బతికేటోడు నాకొద్దు" అని హజరా నా చెవిలో అనింది.

నిన్న కడుగుతుంటే బిర్యానీ డేగిసా తోట బావిలో పడింది. తాడుకు కట్టి కొక్కేల పాతాళ గరిగె వేసినా అందలేదు. జహంగీర్ సిలిండర్ లేకుండానే దూకాడు. ఎంతసేపటికీ పైకి రాలేదు. మగవాళ్లు తాడు కోసం పరుగెత్తుతుంటే, హజరా ఓణీ నడుముకు బిగించి దూకేసింది. చిన్నప్పుడు దేవనకొండలో సొరబుర్ర కట్టి దానికి ఈత నేర్పింది నువ్వే కాబట్టి, తప్పు నీదే.

ఇద్దరూ కలిసే తేలారు.

"నేను మునగల్యా, డేగిసా బురదలో ఇరుక్కుంటే పీకుతాండా" అన్నాడు.

"అంతసేపుంటానని ముందే సెప్పాల గదా" అని మన పిల్ల అందరి ముందూ ఏడ్చింది.

జహంగీర్ పనిచేసే కొచ్చిన్‌లో చలి ఎట్లుంటుందని పొద్దున నన్ను అడిగింది. నాకేం తెలుసు?

జాబు ఇప్పటికే పోస్టు చేసి ఉంటే, వెంటనే ఆదోని బస్సెక్కు. పోస్ట్‌మ్యాన్ కంటే ముందు నువ్వు వాళ్ల గడప తొక్కాలి.

నీ చెల్లెలు