సిపాయి ఇంటికొచ్చిన సినిమా

అమ్మీ,

ఎంత సంతోషమో చెప్పలేను తల్లీ! నేను ఆపరేటర్‌గా చేసిన రాయగడ హాల్లో మన యుద్ధం సినిమా మళ్ళీ వేశారు. ఇన్నేళ్ళయినా హాలు నిండిపోయింది. అప్పుడు పడ్డచోటే ఇప్పుడూ ఈలలు పడ్డాయి!

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కూతురు గౌరిని తీసుకెళ్ళాను. ఆఖర్న సిపాయి చనిపోగానే అది నా చెయ్యి పట్టుకుంది.

"తాతా, సిపాయి ఇంటికొచ్చేడని అమ్మ సెప్పింది. అబద్ధమా?"

నీ చిన్నప్పుడు ఆఖరి రీలు ఎక్కించే ముందు నిన్ను టీకి పంపించేవాణ్ణి. నువ్వు గ్లాసుతో వచ్చేసరికి హాల్లో లైట్లు వెలిగేవి. "సిపాయి ఇంటికొచ్చేసేడమ్మీ, నువ్వే సూడనేదు" అనేవాణ్ణి. నువ్వు ఏడిస్తే చూడలేక చేసిన పని. పెద్దయ్యాక టీవీలో వచ్చినా, ఆఖర్న నీ అంతట నువ్వే లేచి టీ పెట్టడానికి వెళ్ళేదానివి. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

"మీ అమ్మ అబద్ధమాడలేదమ్మీ, నేనే ఆడేను" అని గౌరికి అంతా చెప్పాను.

అది హాలు గేటు దాటాక కళ్ళు తుడుచుకుని, "రేపు మళ్ళీ ఎల్దామా తాతా? ఆఖర్న నన్నూ టీకి పంపించెయ్" అంది.

అక్కడే వెనక్కి తిరిగి రెండు టిక్కెట్లు తీసుకున్నాను తల్లీ. రేపు ఆఖర్న ఇద్దరం లేచి టీకి వెళ్తాం.

మీ నాన్న