చుక్కానికి నేను వేసిన కుట్టు

బావా, సలాం. నువ్వు సముద్రంలోకి వెళ్లి రెండు రంజాన్లు గడిచాయి. గోరీ అయినా లేని మొగుడికి ఏ చిరునామాకని రాయను? అయినా రాస్తున్నాను. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు నాకు...

కోట ఊళ్లో మన రేడియో కొట్టు ఇప్పుడు మన కొడుకు కరీముల్లా నడుపుతున్నాడు. వాడికి నీ పోలికలే కాదు, నీ పిచ్చి కూడా దిగింది. ఆ రోజు కెరటాలు ఒడ్డున పడేసిన, రేడియోతో ఎగిరే నీ బొమ్మ విమానాన్ని అటక మీద దాచానా... దించేశాడు. ఉప్పు కడిగి, పై కాగితం మార్చి, లోపల రేడియో తీగలన్నీ కొత్తవి వేశాడు. నిన్ను పొట్టన పెట్టుకున్న దాన్ని పొయ్యిలో పెట్టకుండా ఎందుకు దాచానో నాకే తెలియదు.

రేపు పొద్దున సముద్రం ఒడ్డున ఎగరేస్తాడట. విమానాన్ని మళ్లించే తోక చుక్కానిని నన్ను దారంతో కుట్టిమ్మన్నాడు. నువ్వేమో గుడ్డ పట్టీలు బంకతో అతికించావు. ఊరందరి రవికలు కుట్టేదాన్ని ఇంట్లో పెట్టుకుని, "విమానానికి నీ కుట్లేందిమే" అని నవ్వావు. చెమ్మకు ఆ పట్టీలు ఉబ్బి బిగుసుకుపోయాయని వాడు ఇప్పుడు విప్పి చూపించాడు. అందుకేగా నువ్వు చేతిలో రేడియో పెట్టె మీద బొత్తాం ఎంత నొక్కినా అది వెనక్కి తిరగలేదు? విమానం నీళ్లలో పడగానే ఆ పెట్టె ఇసుకలో పడేసి, "ఉండు మే, అదిగో తేలతా ఉండాది కదా" అంటూ దూకావు. అది తేలింది. నువ్వు తేలలేదు.

మొదట పంతానికి బిగించి కుట్టాను. చుక్కాని కదలకపోతే ఎగరేయడు కదా అని. ఆ తర్వాత తట్టింది... కదలకపోతే వాడు ఊరుకుంటాడా? నీ కొడుకే కదా, దారం పీకేసి నీలాగే బంకతో అతికిస్తాడు. మొత్తం విప్పేశాను.

దారానికి మైనం రాసి మళ్లీ కూర్చున్నాను. చుక్కాని పై నుంచి సందులోకి, సందులోంచి తోక కిందికి, మళ్లీ వెనక్కి... "రెప్ప మాదిరి ఆడాల మే" అనేవాడివి. ఆడుతోంది బావా. వాడు దానికి చిన్న ఇత్తడి రేకు బిగించి, సైకిల్ చువ్వ తగిలించాడు. బొత్తాం నొక్కితే టక్కుమని పక్కకి, వదిలితే మధ్యకి. వాడి ముఖం వెలిగిపోతోంది. ఆ టక్కుమన్నప్పుడల్లా నేను కుట్టు చివరి ముడిని తడిమి చూస్తున్నాను.

సాయంత్రం నుంచి గాలి మారింది. ఒడ్డు మీది నుంచి సముద్రంలోకి తోస్తోంది, అచ్చం ఆ రోజులాగే. రెండు రోజులు ఆగరా అంటే నీ మాటే నాకు అప్పజెప్పాడు. "గాలికేంది మే, చుక్కాని ఉండాది కదా!" ఇదెక్కడి గోల చెప్పు? మే అనడం కూడా నీలాగే... కొట్టాలో ఏడవాలో తెలియలేదు.

రేపు నేనూ వెళ్తాను. వాడి చొక్కా పట్టుకునే నిలబడతాను. కానీ వాడు నాకంటే బలమైనవాడు.

ఒక్కటే అడుగుతున్నాను, బావా. నా కుట్టు నిలిస్తే అది తిరిగొస్తుంది. నిలవక నీ వైపు వస్తే, ఆ విమానాన్ని నువ్వే ఉంచుకో. తేలనివ్వకు.

నీ మస్తానమ్మ