ఇరవై ఏడు గళ్ల కార్డు

మస్కీగన్, మిషిగన్
16 మే 1993, ఆదివారం

ప్రియమైన ఆర్డిత్‌కు,

ఇక్కడ నేనూ, పిల్లీ, ఇల్లూ క్షేమం. ఉత్తరం మొదట్లో ఈ మాట రాయాలి కాబట్టి రాశాను. తింటున్నాను, పడుకుంటున్నాను, పనికి వెళ్తున్నాను అని మాత్రమే దానికి అర్థం చెప్పుకో. డలూత్‌లో నువ్వూ మీ అక్క లోయిస్సూ కుశలమని తలుస్తాను. అక్కడ సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా పోలేదని రాశావు. స్వెట్టర్ లేకుండా బయటికి వెళ్లకు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. హీటర్ బాగుచేయించాను. తులిప్ పూలు వచ్చాయి, ఎర్రవే ఎక్కువ, పసుపువాటి దుంపలు ఉడతలు తవ్వుకుపోయాయి. తిండి సంగతా, చర్చివాళ్లు పంపే నూడుల్స్ గిన్నెలు ఈస్టర్‌తో ఆగిపోయాయి. మన గ్వెన్ పోయి మూడు నెలలైంది కదా, ఏడవడానికి మనకిచ్చిన గడువు అయిపోయిందని వాళ్ల లెక్క కాబోలు. ఇప్పుడు గుడ్లూ టోస్టూ చేసుకుంటున్నాను. దాని కాలేజీ లైబ్రరీ పుస్తకాలు రెండూ పోస్టులో పంపేశాను. ఒక పుస్తకంలో గుర్తు కోసం బస్సు టికెట్టు పెట్టుకుంది. నూట పన్నెండో పేజీ దాకా చదివింది. టికెట్టు తీసి దాచాను.

ఇక కార్డు సంగతి. నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగావు. మొదటిసారి వెతుకుతున్నానని రాశాను, రెండోసారి ఆ ఊసే ఎత్తలేదు. నాకు చేతకాని పనులు చాలా ఉన్నాయిగానీ, నీ దగ్గర మాట దాటెయ్యడం మాత్రం ఇంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు.

1980 నాటి మన టైగర్స్ బేస్‌బాల్ జట్టు కార్డు అది. ముందువైపు జట్టంతా వరసలుగా కూర్చున్న ఫొటో. వెనకవైపు ఆ ఏడు కార్డులొచ్చిన మన ఆటగాళ్ల పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక చిన్న గడి. కార్డు దొరికినప్పుడు గడిలో టిక్కు పెట్టుకోమని. కార్డులు పోగేసే మాలాంటి పిచ్చివాళ్లు చచ్చినా పెట్టరు. గీత పడిందంటే ఆ కార్డును చెడినదాని కింద జమకడతాం. ఏడేళ్ల గ్వెన్‌కి అవేం పట్టలేదు. ఒక్కో కార్డు దొరికినప్పుడల్లా పెన్సిలు చెక్కుకుని వచ్చి గడిలో ఒక నవ్వు ముఖం గీసేది. మీసాలున్న ఆటగాడికి మీసాలు కూడా పెట్టేది. ఇరవై ఏడు పేర్లు, ఇరవై ఏడు ముఖాలు. నేలమాళిగలోకి నీళ్లొచ్చిన ఏడాది దాని బడి బొమ్మలన్నీ నాని ముద్దయ్యాయి కాబట్టి, దాని చిన్నప్పటి చేతిగీత ఆ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదని రాశావు. నిజమే. నువ్వు రాసేదాకా నాకు ఆ సంగతి తట్టనేలేదు.

ఆర్డిత్, అది నా దగ్గర లేదు. రెండేళ్ల కిందటే ఇచ్చేసి వేరేది తెచ్చుకున్నాను.

ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణం కూడా లేదు. నెలనెలా రెండో శనివారం మాజీ సైనికుల హాల్లో మేం కూడుతాం కదా, అందరం టైగర్స్ మనుషులమే. అక్కడ నేనెప్పుడూ చేసే పని ఒక్కటే. నా కార్డు కన్నా మూలలు పదునుగా ఉన్నది కనిపిస్తే అది తెచ్చుకోవడం, నాది వదిలించుకోవడం. స్కూలు బస్సు నడిపే డాటీ ఓసారి నీ ముందే అంది గుర్తుందా. "అమ్మా ఆర్డిత్, నువ్వు జాగ్రత్తగా ఉండు. మూల కాస్త అరిగిందంటే ఈయన పెళ్లాన్నైనా మార్చుకొచ్చే రకం" అని. నువ్వు కాఫీ ఒలికేంతగా నవ్వావు.

రెండేళ్ల కిందట అలాంటి ఒక శనివారం కలమజూ నుంచి వచ్చే వెర్న్ దగ్గర అదే జట్టు కార్డు తెల్లగా, గీత లేకుండా కనిపించింది. వెర్న్ సంగతి నీకు తెలుసు, అరిగినా మడతపడినా కార్డు కార్డే అనే మనిషి. గ్వెన్ ముఖాలు చూసి వాడు ముచ్చటపడ్డాడు.

"ఇది మీ అమ్మాయి పనే కదూ? బావున్నాయయ్యా. ఉంచుకోరాదూ?" అన్నాడు.

"ఆ ఏటి మిగతా కార్డులన్నీ శుభ్రంగా ఉన్నాయి వెర్న్. ఇదొక్కటే కంట్లో నలుసులా ఉంది" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. మార్పిడి రెండు నిమిషాల్లో అయిపోయింది.

నీ మొదటి ఉత్తరం అందాక, ఏప్రిల్ శనివారం హాలుకి వెళ్లాను. గ్వెన్ పోయాక అక్కడికి వెళ్లడం అదే మొదలు. డాటీ లేచి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వెర్న్‌ని అడిగాను. "ఆ ఎనభై నాటి జట్టు కార్డు నీ దగ్గరే ఉందా? నాకు తిరిగి కావాలి" అని. అంతే అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే అందరి ముందూ ఏడుస్తానని భయం. వాడు నా ముఖం చూసి, "ఉంది హ్యారల్డ్. వచ్చే నెల తెస్తాను, నువ్వేం దిగులుపడకు" అన్నాడు.

ఎనిమిది రోజుల కిందట తెచ్చాడు. కొత్త ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య కట్టి తెచ్చాడు. బదులుగా నేను తీసుకెళ్లిన కార్డుల వైపు కన్నెత్తి చూడలేదు.

"ఈసారి బదులూ గిదులూ ఏం వద్దు. నువ్వు గీతలున్న కార్డు ఆల్బమ్‌లో పెట్టుకునే మనిషివి కావు, నాకు తెలీదా? మూడు సాయంత్రాలు కూర్చుని తుడిచాను. ముందు తెల్ల రబ్బరు, తర్వాత బ్రెడ్డు ముద్ద. కాగితం ఎక్కడా లేవలేదు, చూసుకో" అన్నాడు.

తిప్పి చూశాను. ఇరవై ఏడు గళ్లూ ఖాళీ.

డాటీకి ముందు అర్థమైంది. "ఓరి దేవుడా, వెర్న్" అని మెల్లగా అంది. వాడు ఆమె వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "ఏమైంది? సరిగా పోలేదా?" అన్నాడు. సరిగానే పోయాయి అన్నాను. చాలా మంచి పని చేశావని కూడా అన్నాను. వాడి చేయి పట్టుకుని థాంక్స్ చెప్పి, కారులోకి వచ్చి కూర్చున్నాను. తాళం తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఏప్రిల్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే, మా అమ్మాయి గీతల కోసం అని ఒక్క ముక్క, ఇది జరిగేది కాదు. వాడికి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే వాడు బతికినన్నాళ్లూ కుమిలిపోతాడు. నువ్వు కూడా చెప్పకు.

రోజూ పొద్దున వంటింటి కిటికీ దగ్గర కార్డుని ఏటవాలుగా పట్టుకుని చూస్తున్నాను. కింది వరసలో ఒక గడిలో పెన్సిలు నొక్కు ఉన్నట్టనిపిస్తుంది. కళ్లజోడు తుడుచుకుని చూస్తే ఉండదు.

ఇంతవరకే రాసి సంతకం పెడదామనుకున్నాను. కాగితం మడిచి, మళ్లీ విప్పాను. నీకు తెలియనిది ఇంకొకటి ఉంది.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు గ్వెన్ ఆల్బమ్ తీసింది. నువ్వు వంటింట్లో ఉన్నావు. సోఫాలో నా పక్కన కూర్చుని పేజీలు తిప్పుతూ, ఆ కార్డు దగ్గర ఆగింది. తొడుగులోంచి తీసి వెనక్కి తిప్పింది.

"నాన్నా, నాదేది?" అంది.

"ఇదేగా. ఇంకా మంచిది దొరికింది. నీది పాడైపోయిందిగా" అన్నాను.

గర్వంగా అన్నాను ఆర్డిత్. ఎంత శుభ్రంగా ఉందో చూడమని దీపం కింద పట్టి చూపించాను కూడా. అది కాసేపు చూసి, "అవును, బాగుంది నాన్నా" అంది. కార్డు తిరిగి జాగ్రత్తగా తొడుగులో పెట్టింది, మూలలు తగలకుండా, నేను నేర్పినట్టే. తర్వాత లేచి నీకు గిన్నెలు తుడవడానికి వచ్చేసింది. మళ్లీ ఆల్బమ్ ముట్టుకోలేదు. వారం తర్వాత కాలేజీకి వెళ్లిపోయింది. ఫిబ్రవరిలో అది ఎక్కిన కారు మంచు మీద జారింది.

అందుకే వెర్న్ మీద నాకు కోపం రావడం లేదు. నేను క్రిస్మస్ నాడు నోటితో చెరిపిందే వాడు రబ్బరుతో చెరిపాడు. వాడు ప్రేమతోనైనా చేశాడు.

దానికి నా మీద కోపం వచ్చిందా, నొచ్చుకుందా, నాన్న అంతేలే అని ఊరుకుందా? నీతో ఏమైనా అందా? ఆ రోజు గిన్నెలు తుడుస్తూ అది నీతో ఏం మాట్లాడిందో గుర్తు చేసుకుని రాయి. ఏదైనా సరే రాయి, నన్ను కాపాడాలని మార్చకుండా.

కార్డు ఈ కవర్లోనే పెట్టాను. చిన్నప్పుడు దాని చేతులు తగిలిన కార్డు ఇదే, అందులో మాత్రం అబద్ధం లేదు.

ఇట్లు,
గ్వెన్ వాళ్ల నాన్న,
హ్యారల్డ్