ఆగిన మగ్గానికి ఇంగ్లీషు మాట

మెట్‌పల్లి, 4-7-1959

కరీంనగర్ నూలు ఆఫీసుల గుమాస్తా అయిన మా బామ్మర్ది హనుమండ్లుకు బావ సిద్దిరాములు దీవించి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నం, మగ్గం తప్ప.

రెండు నెలల సంది నూలు కోటా వస్తలేదు. ఉర్దూల అర్జీ పెడితే ఇంగ్లీషుల రాయుమని వాపసు పంపిండ్రు. జర నువ్వు రాసిపెట్టు. బట్ట దింపినంక పాత పడుగు నిలువు పోగుల కొసలు కొయ్యలే, మగ్గం మీదనే ఉంచిన. నూలు వస్తే పోగుకు పోగు అతికి నేసుడు మొదలుపెడత. కోస్తే మాత్రం రెండువేల పోగులు మల్ల మగ్గం అచ్చు సందులల్ల ఒక్కొక్కటే దూర్చాలె. నా కండ్లు ఇప్పుడు గా పనికి రావు.

ఇట్లు, నీ బావ.

తా.క.: మీ అక్క గంగుబాయి బీడీలు చుడుతుంది. నాకు తెల్వదనుకుంటుంది. ఇల్లంత తంబాకు వాసన.

కరీంనగర్, 12-7-1959

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

అర్జీ రాశాను. "నూలు ఇయ్యాలె" అంటే డిమాండ్ అవుతుంది, అందుకని రిక్వెస్ట్ అని మార్చాను. డిమాండ్ చేస్తే ఆఫీసరుకు కోపం వస్తుంది, రిక్వెస్ట్ చేస్తే మరచిపోతాడు. కోపం కంటే మరుపే మేలు.

మగ్గం స్టాప్ అయిందా, క్లోజ్ అయిందా అని ఫారంలో అడిగారు. బస్సు జగిత్యాలలో కాసేపు నిలబడితే స్టాప్. ఆ బస్సు ఇక రానే రాదంటే క్లోజ్. స్టాప్ అయినవారికి నూలిస్తారు, క్లోజ్ అయినవారి కోటా తీసేస్తారు. మీకు స్టాప్ అని రాశాను. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు.

మీ విధేయుడు, హనుమండ్లు.

తా.క.: వచ్చే నెల నాకు ఇంగ్లీషు పరీక్ష. తప్పితే ఉద్యోగం పోతుంది. "పోతుంది" అనడానికి ఇంగ్లీషులో ఐదు మాటలున్నాయి. ఐదూ వచ్చేశాయి.

మెట్‌పల్లి, 25-7-1959

బామ్మర్ది హనుమండ్లుకు దీవెనలు.

నీ ఉత్తరం విని మీ అక్క, "ఎవలో పెద్దమనిషికి రాసింది మనకొచ్చినట్టుంది" అన్నది.

ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. కడప దాటి ఇంట్లకు రాలే. "బట్ట లేదు" అన్నడు. కొసలు పట్టుకొని చూపెట్టిన. "సాబ్, గీ కొసలు ఉన్నన్ని దినాలు మగ్గం బతికున్నట్టే" అన్న. ఏమో రాసుకొని "సూన్" అని పోయిండు. కొసలను ఎలుకలు కొరుకుతున్నయి. పొద్దంత కట్టె పట్టుకొని మగ్గం గుంతల కూసుంటున్న. నేసెటోన్ని, ఎలుకలు కొట్టెటోన్ని అయిన.

ఇట్లు, సిద్దిరాములు.

తా.క.: సూన్ అంటే ఎన్ని దినాలు?

కరీంనగర్, 6-8-1959

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

సూన్ అంటే త్వరలో. వెంటనే అనడానికి ఎట్ వన్స్ అని వేరే మాట ఉంది. అది ఆఫీసరు మాకు చెప్పేది, మేము మీకు చెప్పేది కాదు.

శుభవార్త. పరీక్ష పాసయ్యాను! ఆఫీసరుగారు ఒక ఇన్‌స్పెక్టర్ రిపోర్టు తీసి, పేరు మీద కాగితం కప్పి, ఆర్డరు రాయమన్నారు. "బట్ట లేదు, పాత పోగులు వేలాడుతున్నవి, ఎలుకలు తిరుగుతున్నవి" అని ఉంది. స్టాపా, క్లోజా? క్షణమైనా ఆలోచించకుండా క్లోజ్ అని రాశాను. ఆఫీసరుగారు లేచి చేయి కలిపారు.

మీ విధేయుడు, హనుమండ్లు, ఇంగ్లీషు పాస్.

తా.క.: మీ ఫైలు సంగతి అడగడానికి ఇప్పుడు ధైర్యం వచ్చింది. రేపే అడుగుతాను.

మెట్‌పల్లి, 10-8-1959

హనుమండ్లుకు,

నీ ఉత్తరం, మీ ఆఫీసు ఆర్డరు ఒక్క తపాలల వచ్చినయి. ఆర్డరు పోస్టుమాస్టరు అంతయ్య చదివి చెప్పిండు. బట్ట లేదు, పాత పోగులు వేలాడుతున్నయి, ఎలుకలు తిరుగుతున్నయి, అందుకని సిద్దిరాములు మగ్గం క్లోజ్, కోటా రద్దు. నీ ఉత్తరం నేనే చదువుకున్న.

పేరు మీద కాగితం కప్పిండ్రు, సరే. పోగుల మీద ఎవలు కప్పలే గద! మీ బాపు కొసలు అతుకుతుంటే పోగులు అందిచ్చి పెరిగినవ్. కొసలు ఉంచుకున్నోడు నూలు కోసం చూస్తుండని నీకెవలన్న చెప్పాల్నా? నాది కాకపోతే మనసొంటి ఇంకొక నేసెటోని మగ్గం అయితుండె. అప్పుడు గూడ చేయి కలుపుకొని సంబురపడుతుంటివి. నాకు కోపమొస్తుంది, ఏడుపు గూడ వస్తుంది.

ఇయ్యాల కొసలు కోసేసిన. ఈ కవర్ల పెట్టిన. మీ ఆఫీసరుకు చూపెట్టు. నువ్వు రాసింది తప్పు కావద్దు, నీ నౌకరి పోవద్దు.

సిద్దిరాములు.

తా.క.: కోసిన పోగుల్ల ఒక్కటి మీ అక్క దాసుకున్నది, రాఖీ పున్నానికి నీ చేతికి కట్టెతందుకు. మీ ఇంటికి తను వచ్చుడు ఇగ స్టాపా, క్లోజా అని అడుగుతుంది. పాసైనోడివి, నువ్వే రాయి.